నలభై సిస్టమ్‌ల ల్యాబ్‌కు క్లోనింగ్ వద్దు, నెట్‌వర్క్ బూట్ పెట్టండి

కాలేజీ ల్యాబ్‌లో నలభై సిస్టమ్‌లకు ఓఎస్ వేయాల్సి వస్తే మన దగ్గర రెండు పద్ధతులు నడుస్తున్నాయి. ఒకటి, నాలుగైదు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని వరసగా ఒక్కో సిస్టమ్ ముందు కూర్చుని ఫార్మాట్ కొట్టుకుంటూ పోవడం. రెండోది, ఒక సిస్టమ్‌ను చక్కగా తయారుచేసి, క్లోనెజిల్లా అనే సాధనంతో దాని డిస్కు మొత్తానికి నకలు, అంటే ఇమేజ్ తీసి, మిగతా ముప్ఫై తొమ్మిదింటి మీదా దించేయడం. మొదటి పద్ధతిని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. రెండోదాన్ని మాత్రం చాలామంది తెలివైన పనిగా చూస్తారు. నా గొడవ ఆ రెండోదానితోనే. దాని బదులు నేను చెప్పేది నెట్‌వర్క్ బూట్, అంటే ల్యాన్ కేబుల్ మీదే ఒక సర్వర్ నుంచి సిస్టమ్ లేచి, అక్కడి నుంచే ఓఎస్ వేసుకోవడం. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి పనికిరాని పాత సిస్టమ్‌లను లైనక్స్‌కు మార్చుకునే ల్యాబ్‌లు ఏ పద్ధతి పట్టుకోవాలో ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.

క్లోన్ చేస్తే డిస్కులోని ఫైళ్లతో పాటు ఆ సిస్టమ్ గుర్తింపు కూడా కాపీ అవుతుంది. ఉబుంటు సర్వర్‌నే తీసుకోండి. అందులో నెట్‌వర్క్ సంగతి చూసే సిస్టమ్‌డీ, నెట్‌వర్క్‌లో ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఐపీ అడిగేటప్పుడు మామూలుగా మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత నంబరు) చూపించదు. ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే మెషిన్-ఐడీ నుంచి తయారైన గుర్తింపు చూపిస్తుంది. నలభై సిస్టమ్‌లలోనూ అదే మెషిన్-ఐడీ ఉంటే, అడుగుతున్నది ఒకే సిస్టమ్ అనుకుని డీహెచ్‌సీపీ సర్వర్ అందరికీ ఒకే ఐపీ ఇస్తుంది. రెండు సిస్టమ్‌లు ఆన్ చేసినప్పుడు బాగానే ఉండి, పది ఆన్ చేసేసరికి నెట్ వస్తూ పోతూ ఉంటే, అనుమానం మొదట కేబుళ్ల మీదకు, తర్వాత స్విచ్ మీదకు పోతుంది. ఇమేజ్ మీదకు చివరికి గానీ పోదు. దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు సిస్టమ్ తానెవరో చూపించే ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలదీ ఇదే కథ. ఒక సిస్టమ్ కీ బయటపడితే నలభైకీ బయటపడినట్టే.

'ఇమేజ్ తీసే ముందు మెషిన్-ఐడీ ఖాళీ చేసి, కీలు తీసేస్తే సరిపోతుందిగా' అంటారు. సరిపోతుంది. ఆ తర్వాత లాగ్‌లు తీసేయాలి, హోస్ట్ పేరు మార్చాలి, పాత మ్యాక్ అడ్రస్ ఎక్కడైనా కాన్ఫిగరేషన్‌లో దాగుందేమో వెతకాలి. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఆర్నెల్ల తర్వాత ఆ ఇమేజ్‌లో ఏముందో ఎవరూ చెప్పలేరు. దాన్ని తయారుచేసిన ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం మారితే, మిగిలేది 20 జీబీల మూసిన పెట్టె. నెట్‌వర్క్ ఇన్‌స్టాల్‌లో ఆ స్థానంలో ఉండేది ఓ యాభై అరవై లైన్ల టెక్స్ట్ ఫైలు. ఏ ప్యాకేజీలు, డిస్కు ఎలా పంచాలి, ఏ యూజర్ అన్నీ కళ్ల ముందు ఉంటాయి. ఏదైనా మార్చాలంటే ఒక లైను మారుస్తారు.

ఇక అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. నెట్‌వర్క్ బూట్ అంటే జనం భయపడేది అందులో కష్టం ఉందని కాదు. నాలుగు వేర్వేరు సంభాషణలు జరుగుతాయి, ఏది తెగిపోయిందో తెలియదు, అందుకు.

పీఎక్స్ఈ అనేది సిస్టమ్‌ను నెట్‌వర్క్ నుంచి బూట్ చేయడానికి ఇంటెల్ తెచ్చిన పద్ధతి. ఇప్పటికీ అందరూ పాటించే 2.1 వెర్షన్ 1999 నాటిది. సిస్టమ్ ఆన్ కాగానే నెట్‌వర్క్ కార్డులోని ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండే ప్రోగ్రాం) 'నాకు ఐపీ ఎవరిస్తారు' అని అడిగే డీహెచ్‌సీపీ డిస్కవర్ పంపుతుంది. మామూలు డిస్కవర్‌తో పోలిస్తే ఇందులో ముఖ్యంగా రెండు అదనం. ఆప్షన్ 60లో 'పీఎక్స్ఈక్లయింట్' అన్న మాట, ఆప్షన్ 93లో తాను ఏ రకం సిస్టమో చెప్పే అంకె. పాత బయోస్ అయితే 0, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ 64 బిట్‌ది అయితే 7. కొన్ని ఫర్మ్‌వేర్‌లు 9 కూడా పంపుతాయి కాబట్టి ఆ రెండింటికీ ఒకే ఫైలు చూపించండి. జవాబులో ఐపీతో పాటు బూట్ సర్వర్ అడ్రసు, బూట్ ఫైలు పేరు రావాలి. ఆ ఫైలును టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు బదిలీ పద్ధతి మీద దించుకుని ఫర్మ్‌వేర్ దాన్ని నడుపుతుంది. ఆ ఫైలు గ్రబ్ లాంటి బూట్‌లోడర్, అంటే ఓఎస్‌ను లేపే ప్రోగ్రాం. అది మళ్లీ లైనక్స్‌కు గుండెకాయ లాంటి కర్నెల్‌నూ, మొదట్లో కావలసిన డ్రైవర్లుండే ఇనిట్‌ఆర్‌డీ ఫైలునూ తెచ్చుకుంటుంది. కర్నెల్ లేచాక ఫర్మ్‌వేర్ ఊసే ఉండదు. సొంత డ్రైవర్‌తో కార్డును మళ్లీ మొదటినుంచి లేపి, మళ్లీ డీహెచ్‌సీపీ అడిగి, ఇన్‌స్టాలర్‌ను హెచ్‌టీటీపీ మీద దించుకుంటుంది.

ఆ చివరి మలుపు గుర్తుపెట్టుకోండి. 'బూట్ అయ్యేదాకా నెట్ ఉంది, ఇన్‌స్టాలర్‌లోకి వెళ్లగానే పోయింది' అనే ఫిర్యాదుకు మూలం అక్కడే ఉంది. ఫర్మ్‌వేర్‌కు ఆ కార్డు నడపడం తెలిసినంత మాత్రాన ఇనిట్‌ఆర్‌డీలో దాని డ్రైవర్ ఉండాలని లేదు.

సర్వర్‌కు కొత్త మెషిన్ ఏమీ అక్కర్లేదు. గిగాబిట్ పోర్టు, ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. 8 జీబీ ఎందుకంటే, ఇన్‌స్టాలర్ ఉండే ఐఎస్ఓ ఫైలు ఒకసారి చదివాక ర్యామ్ క్యాష్‌లోనే ఉండిపోతుంది. నలభై సిస్టమ్‌లు అడిగినా డిస్కు మీద భారం పడదు. డెబియనో ఉబుంటువో వేసి, డీఎన్ఎస్‌మాస్క్, ఎన్‌జింక్స్ పెట్టుకోండి. డీఎన్ఎస్‌మాస్క్‌లో డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ రెండూ ఉన్నాయి. హెచ్‌టీటీపీ పని ఎన్‌జింక్స్ చూస్తుంది.

కాలేజీ రూటర్ అప్పటికే ఐపీలు ఇస్తుంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. డీఎన్ఎస్‌మాస్క్‌ను ప్రాక్సీ పద్ధతిలో నడపండి. డీహెచ్‌సీపీ రేంజ్ ఇచ్చే చోట నెట్‌వర్క్ అడ్రసు రాసి, కామా పెట్టి 'ప్రాక్సీ' అంటే చాలు. ఇక అది ఐపీ ఇవ్వదు, బూట్ సమాచారం మాత్రం ఇస్తుంది. ఐపీ రూటర్ నుంచి, ఫైలు పేరు మీ సర్వర్ నుంచి వస్తాయి. సిస్టమ్ ఆ రెండు జవాబులనూ కలుపుకుంటుంది. ప్రాక్సీ సంభాషణలో కొంత భాగం యూడీపీ 4011 పోర్టు మీద నడుస్తుంది. ఫైర్‌వాల్‌లో 67, 69 తెరిచి దీన్ని మరిచిపోవడం చాలా మామూలు. డీఎన్ఎస్ పని వద్దనుకుంటే పోర్టు విలువ సున్నా పెట్టండి, ఆ భాగం ఆగిపోతుంది.

యూఈఎఫ్ఐ సిస్టమ్‌లకు ఏ ఫైలు ఇవ్వాలన్న దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇన్‌స్టాల్ అయిన ఉబుంటు డిస్కులోంచి గ్రబ్ ఫైలు కాపీ చేసి పెడతారు. అది తన కాన్ఫిగరేషన్ కోసం డిస్కులోనే వెతుకుతుంది, దొరక్క నల్లటి తెర మీద గ్రబ్ ప్రాంప్ట్ ఇచ్చి నిలబడిపోతుంది. మీకు కావలసింది ఉబుంటు సంతకం చేసిన గ్రబ్ ప్యాకేజీలో విడిగా ఉండే 'గ్రబ్‌నెట్' ఫైలు. దాన్ని టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో గ్రబ్ఎక్స్64 డాట్ ఈఎఫ్ఐ అన్న పేరుతో, గ్రబ్ కంటే ముందు లేచే షిమ్ అనే చిన్న ఫైలును బూట్ఎక్స్64 డాట్ ఈఎఫ్ఐ అన్న పేరుతో పెట్టండి. పీఎక్స్ఈకి చూపించాల్సింది షిమ్‌ను. దాని మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి, సంతకం లేని బూట్ ఫైళ్లను ఆపేసే సెక్యూర్ బూట్ దాన్ని ఒప్పుకుంటుంది. షిమ్ పక్కనే ఉన్న గ్రబ్‌ను లేపుతుంది. గ్రబ్ తన పేరుతో ఉన్న ఉపఫోల్డర్‌లో గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ చదువుతుంది. ఈ గొలుసు నిలబడితే నలభై సిస్టమ్‌ల బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపే పని తప్పుతుంది.

గ్రబ్ బదులు కొందరు వాడే నెట్‌వర్క్ బూట్‌లోడర్ ఐపీఎక్స్ఈ కూడా మంచి సాధనమే. హెచ్‌టీటీపీ తెలుసు, స్క్రిప్టులు రాసుకోవచ్చు. కానీ మీరు సొంతంగా కంపైల్ చేసుకున్న ఐపీఎక్స్ఈకి సంతకం ఉండదు, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే గేటు దగ్గరే ఆగిపోతుంది. ఇంకో ముడి కూడా ఉంది. ఐపీఎక్స్ఈ లేవగానే అదీ డీహెచ్‌సీపీ అడుగుతుంది, మీ సర్వర్ మళ్లీ ఐపీఎక్స్ఈనే ఇస్తుంది, అది మళ్లీ లేచి మళ్లీ అడుగుతుంది. ఆప్షన్ 77లో తన పేరు చెప్పుకుంటే అప్పుడు ఫైలు బదులు స్క్రిప్టు ఇవ్వమని నియమం రాస్తే గానీ ఆ చక్రం తెగదు. ల్యాబ్ వరకైతే షిమ్, గ్రబ్ జంటే నా ఓటు.

పాత టీఎఫ్‌టీపీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇది ఒక్కో ముక్క పంపి, అందిందన్న జవాబు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. మామూలు ముక్క 512 బైట్లు. కర్నెల్, ఇనిట్‌ఆర్‌డీ కలిపి 100 ఎంబీ అనుకుంటే దాదాపు రెండు లక్షల ముక్కలు. ఒక్కో ముక్కకు పోను రాను ఒక మిల్లీసెకను పట్టినా 200 సెకన్లు. మీ స్విచ్ గిగాబిట్ అయినా పది గిగాబిట్ అయినా ఈ లెక్క పెద్దగా మారదు, ఎందుకంటే సమయమంతా ఎదురుచూపులోనే పోతోంది. బ్లాక్ సైజు 1468కి పెంచితే అదే పని 70 సెకన్లకు దిగుతుంది. 1468 ఎందుకంటే, ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో పట్టే 1500 బైట్లలోంచి ఐపీకి 20, యూడీపీకి 8, టీఎఫ్‌టీపీకి 4 తీసేస్తే మిగిలేది అదే. దిగుతున్న ఫైలు 32 ఎంబీ దగ్గర ఆగిపోతుంటే అది మరో జబ్బు. ముక్కల సంఖ్యకు 16 బిట్లే ఉన్నాయి, 65,535 ముక్కలు దాటాక అంకె మళ్లీ సున్నాకు తిరగడం రెండు వైపులా తెలియాలి. బ్లాక్ సైజు పెంచితే ఇదీ వెనక్కి పోతుంది. ఫైర్‌వాల్‌లో 69 తెరిచినా ఫైలు రాకపోతే కంగారు పడకండి. అడగడం 69 మీదే గానీ, సర్వర్ డేటా పంపేది వేరే పోర్టు నుంచి. కనెక్షన్ ట్రాకింగ్‌లో టీఎఫ్‌టీపీ సహాయక మాడ్యూల్ లేకపోతే ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటుంది.

స్విచ్ పెట్టే తిప్పలు ఇంకా చిత్రంగా ఉంటాయి. మేనేజ్డ్ స్విచ్‌లో, కేబుళ్లు చుట్టు తిరిగి లూప్ పడకుండా చూసే స్పానింగ్ ట్రీ పాత పద్ధతిలో ఉంటే, కేబుల్ లైట్ వెలిగాక కూడా ఆ పోర్టు 30 సెకన్ల దాకా ప్యాకెట్లు పోనివ్వదు. వినడానికి 15, నేర్చుకోవడానికి 15. ఇటు పీఎక్స్ఈ డిస్కవర్ పంపి 4, 8, 16, 32 సెకన్ల చొప్పున ఆగుతూ నాలుగుసార్లు ప్రయత్నిస్తుంది. అంటే డిస్కవర్‌లు బయల్దేరేది 0, 4, 12, 28 సెకన్ల దగ్గర. చివరిది కూడా పోర్టు తెరుచుకోవడానికి రెండు సెకన్ల ముందే పోతుంది! నాలుగూ గాలికి. తెర మీద పీఎక్స్ఈ-ఈ51 అని, యూఈఎఫ్ఐ అయితే పీఎక్స్ఈ-ఈ16 అని వస్తుంది. సర్వర్ లాగ్‌లో ఏమీ ఉండదు కాబట్టి సర్వర్‌ను ఎంత తవ్వినా లాభం లేదు. రుజువు చేసుకోవడం తేలిక. సిస్టమ్‌కూ ఆ స్విచ్‌కూ మధ్య మామూలు అయిదు పోర్టుల చిన్న స్విచ్ పెట్టండి. సిస్టమ్ రీస్టార్ట్ అయినా పెద్ద స్విచ్ వైపు లింకు పడిపోదు, బూట్ అయిపోతుంది. అలా అయితే పెద్ద స్విచ్‌లో సిస్టమ్‌లు తగిలించిన పోర్టులన్నిటికీ ఆ ఎదురుచూపు తప్పించే పోర్ట్‌ఫాస్ట్ సెట్టింగ్ పెట్టండి. ఇది చేయకపోతే, అదృష్టం బాగుండి ఫర్మ్‌వేర్ దాటినా, కర్నెల్ డ్రైవర్ లేచినప్పుడు లింకు మళ్లీ పడి లేస్తుంది, ఆ 30 సెకన్లు మళ్లీ మొదలవుతాయి.

ఐపీ వచ్చింది గానీ ఫైలు పేరు రాలేదంటే తెర మీద పీఎక్స్ఈ-ఈ53. మీ ప్రాక్సీ మాట సిస్టమ్ దాకా చేరలేదన్నమాట. డీఎన్ఎస్‌మాస్క్ నడుస్తోంటే స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉందేమో చూడండి. నమ్మకమైన పోర్టుగా గుర్తించని చోటు నుంచి వచ్చే ఆఫర్‌లను అది పారేస్తుంది. సర్వర్, ల్యాబ్ వేర్వేరు వీల్యాన్‌లలో (స్విచ్‌లోనే విడదీసిన నెట్‌వర్క్‌లలో) ఉంటే, డీహెచ్‌సీపీ అడిగిన మాటను అటు చేరవేసే రిలే రూటర్‌కే కాక మీ సర్వర్‌కూ పంపేలా ఉండాలి. ఈ32 అంటే టీఎఫ్‌టీపీ జవాబు లేదు, ఫైర్‌వాల్ చూడండి. టీ01 అంటే ఫైలు లేదు. పేరులో అక్షరం పెద్దదో చిన్నదో అన్న తేడాకు కూడా ఇది వస్తుంది. ఈ61 అంటే కేబుల్.

మరి ఇన్‌స్టాలర్ సంగతి. ఉబుంటు 20.04 నుంచి సర్వర్ ఇన్‌స్టాలర్ మారింది. కర్నెల్ లైనులో ఐపీ డీహెచ్‌సీపీ అని, యూఆర్ఎల్‌లో ఐఎస్ఓ అడ్రసు, 'ఆటోఇన్‌స్టాల్' అన్న మాట, మన సెట్టింగుల ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే నోక్లౌడ్ అడ్రసు ఇస్తాం. ఐఎస్ఓ మొత్తం ర్యామ్‌లోకి దిగుతుంది. 24.04 ఐఎస్ఓ 3 జీబీకి దగ్గరగా ఉంటుంది. ర్యామ్‌లో తాత్కాలిక డిస్కుకు మామూలుగా సగమే కేటాయిస్తారు కాబట్టి 4 జీబీ సిస్టమ్‌లో ఇది పట్టదు. చోటు లేదన్న సందేశంతో పడిపోతుంది. 8 జీబీ ఉంటే నిశ్చింత. 4 జీబీ పాత సిస్టమ్‌లకైతే డెబియన్ నెట్‌బూట్ ఇన్‌స్టాలర్ వాడండి. అది చిన్న ఇనిట్‌ఆర్‌డీతో లేచి ప్యాకేజీలు ఒక్కొక్కటే తెచ్చుకుంటుంది. దానికీ ఒక పట్టింపు ఉంది. కొన్నాళ్ల క్రితం దించిపెట్టుకున్న నెట్‌బూట్ ఫైళ్లతో ఈరోజు ఇన్‌స్టాల్ మొదలుపెడితే 'కర్నెల్ మాడ్యూళ్లు దొరకలేదు' అంటుంది. ఈలోగా ప్యాకేజీలు దొరికే మిర్రర్ సర్వర్‌లో కర్నెల్ మారిపోయి ఉంటుంది. నెట్‌బూట్ ఫైళ్లు కొత్తవి దించుకుంటే అదే పోతుంది.

గ్రబ్ కాన్ఫిగరేషన్‌లో నోక్లౌడ్ అడ్రసుకు ముందు సెమికోలన్ ఉంటుంది. గ్రబ్‌కు సెమికోలన్ అంటే ఆ కమాండ్ అక్కడితో సరి. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే మిగతా భాగం కర్నెల్‌కు చేరనే చేరదు, ఇన్‌స్టాలర్ నింపాదిగా భాష ఎంచుకోమని అడుగుతుంది. అడ్రసు చివర స్లాష్ ఉండాలి. మొదట్లో చెప్పిన ఆ టెక్స్ట్ ఫైలు పేరు యూజర్-డేటా. దాని పక్కనే మెటా-డేటా అన్న ఫైలు ఖాళీదైనా ఉండాలి. యూజర్-డేటా మొదటి లైను హాష్ గుర్తుతో మొదలయ్యే 'క్లౌడ్-కాన్ఫిగ్' అన్న మాటే కావాలి. ఇంకొకటి, యూఆర్ఎల్ అన్న పేరు చూసి, ఈ ఫైళ్లు చదివే క్లౌడ్-ఇనిట్ కూడా అది తనకోసమే అనుకుని ఐఎస్ఓను రెండోసారి దించే ప్రయత్నం చేయవచ్చు. క్లౌడ్-కాన్ఫిగ్-యూఆర్ఎల్ విలువగా డెవ్ నల్ ఇస్తే ఊరుకుంటుంది.

డిస్కు విషయంలో మీరు ఏమీ చెప్పకపోతే ఉబుంటు అన్నిటికంటే పెద్ద డిస్కును ఎంచుకుంటుంది. 256 జీబీ ఎస్ఎస్‌డీ, పక్కన పాత 1 టీబీ హార్డ్‌డిస్కు ఉన్న సిస్టమ్‌లో ఓఎస్ పోయి హార్డ్‌డిస్కులో కూర్చుంటుంది. పైగా అందులో ఎవరి ప్రాజెక్టో ఉండవచ్చు! స్టోరేజ్ లేఅవుట్‌లో మ్యాచ్ కింద ఎస్ఎస్‌డీ అని స్పష్టంగా రాయండి. లేఅవుట్ 'డైరెక్ట్' పెట్టండి. డిస్కు భాగాల సైజు తర్వాత మార్చుకోనిచ్చే ఎల్వీఎం ఉంచాలనుకుంటే సైజింగ్-పాలసీ 'ఆల్' అనాలి. లేకపోతే పెద్ద డిస్కులో 100 జీబీ మాత్రమే వాడి మిగతాది ఖాళీగా వదిలేస్తుంది.

హోస్ట్ పేర్లకు గ్రబ్‌లోని నెట్-డిఫాల్ట్-మ్యాక్ అనే వేరియబుల్ పనికొస్తుంది. నోక్లౌడ్ అడ్రసులో దాన్ని పెడితే ఒక్కో సిస్టమ్ తన మ్యాక్ పేరున్న ఫోల్డర్‌లోంచి యూజర్-డేటా తీసుకుంటుంది. ఒక చిన్న స్క్రిప్టుతో నలభై ఫోల్డర్లు తయారవుతాయి. ఏ మ్యాక్ ఏ బల్ల మీదో రాసిపెట్టుకున్న జాబితా ఒక్కటి ఉంటే చాలు.

ఐపీల లెక్క కూడా ముందే చూసుకోండి. ఒకే సిస్టమ్ ఫర్మ్‌వేర్‌గా ఒకసారి, ఇన్‌స్టాలర్‌గా ఒకసారి, ఇన్‌స్టాల్ అయిన ఓఎస్‌గా ఒకసారి వేర్వేరు గుర్తింపులతో ఐపీ అడగవచ్చు. నలభై సిస్టమ్‌లకు 120 ఐపీలు. రూటర్ పూల్‌లో 100 ఉంటే చివరి సిస్టమ్‌లకు ఐపీ దొరకదు. ఒక ఐపీ ఒక సిస్టమ్ పేరున ఎంతసేపు ఉండాలో చెప్పే లీజు సమయాన్ని ఆ రోజుకు బాగా తగ్గించండి.

సమయం సంగతికొస్తే, నలభై సిస్టమ్‌లకు మూడేసి జీబీల చొప్పున 120 జీబీ. గిగాబిట్ లింకు మీద సెకనుకు దాదాపు 115 ఎంబీ పోతుంది, అంటే 18 నిమిషాల్లోపు. అదే సర్వర్ కేబుల్‌లో ఒక జత తీగలు తెగి లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోతే మూడు గంటలు. మొదలుపెట్టే ముందు సర్వర్‌లో ఈథ్‌టూల్‌తో లింకు వేగం ఒకసారి చూడండి. ఇంటర్నెట్ నుంచి ప్యాకేజీలు కావాలంటే అదే సర్వర్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టండి. ఒక్కో ప్యాకేజీ బయటి నుంచి ఒక్కసారే వస్తుంది.

బూట్ ఆర్డర్‌లో నెట్‌వర్క్‌ను మొదట పెట్టి ఆటోఇన్‌స్టాల్‌ను డిఫాల్ట్‌గా వదిలేస్తే, ఇన్‌స్టాల్ అయి రీస్టార్ట్ అయిన సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెడుతుంది. అలా తెల్లవార్లూ చేసుకుంటూనే ఉంటుంది. అంతకంటే ప్రమాదం, సెమిస్టర్ మధ్యలో కరెంటు పోయి వస్తే ల్యాబ్ మొత్తం చెరిగిపోవడం. అందుకే డిస్కు మొదట ఉండనిచ్చి, ఇన్‌స్టాల్ రోజు మాత్రం ఎఫ్12 లాంటి వన్‌టైమ్ మెనూ నుంచి నెట్‌వర్క్ ఎంచుకోండి. గ్రబ్ మెనూలో డిఫాల్ట్ ఎంట్రీ 'ఎగ్జిట్' కావాలి. పని అయ్యాక డీఎన్ఎస్‌మాస్క్ సర్వీసు ఆపేయండి.

పీఎక్స్ఈలో ఎవరు ఎవరో నిర్ధారించే ఏర్పాటు లేదు. ముందు జవాబిచ్చినవాడిదే మాట. యూజర్-డేటాలో పాస్‌వర్డ్ హాష్ మామూలు హెచ్‌టీటీపీ మీద ఉంటుంది, ల్యాబ్‌లో ఏ విద్యార్థి అయినా బ్రౌజర్‌లో తెరిచి చూడగలడు. ఆ పాస్‌వర్డ్ ఇన్‌స్టాల్ రోజుకే పరిమితం కావాలి, మర్నాడే మార్చేయాలి. వీలైతే ఆ రోజు ల్యాబ్ స్విచ్‌ను క్యాంపస్ నెట్‌వర్క్ నుంచి విడదీసి, డీహెచ్‌సీపీ కూడా మీ సర్వర్ నుంచే ఇవ్వండి. ఎలాగూ రూటర్‌తో పేచీ ఉండదు.

క్లోనింగే మేలైన చోటు ఒకటుంది, ఒప్పుకుంటాను. చేత్తో తప్ప ఇన్‌స్టాల్ కాని, లైసెన్సులు అంటించాల్సిన సాఫ్ట్‌వేర్‌లు నాలుగైదున్న విండోస్ ల్యాబ్. వాటన్నిటినీ స్క్రిప్టుల్లోకి తేవడానికి పట్టే సమయంలో విండోస్ సిస్టమ్ గుర్తింపును చెరిపే సిస్‌ప్రెప్ నడిపి ఇమేజ్ తీసుకోవడమే సులువు. అక్కడ కూడా నలభై పెన్‌డ్రైవ్‌లు అక్కర్లేదు. క్లోనెజిల్లా కర్నెల్‌నూ ఇనిట్‌ఆర్‌డీనీ ఇదే సర్వర్‌లో పెట్టి, గ్రబ్ మెనూలో ఇంకో ఎంట్రీ చేర్చి, 'ఫెచ్' అన్న ఆప్షన్‌లో క్లోనెజిల్లాను కుదించి ఉంచిన స్క్వాష్‌ఎఫ్ఎస్ ఫైలు హెచ్‌టీటీపీ అడ్రసు ఇవ్వండి. ఇమేజ్ దించే పని కూడా ఆ ల్యాన్ కేబుల్ మీదే జరిగిపోతుంది.